తోమడం ఆపాక తెరవాల్సిన డబ్బా: రినైసాన్స్ వ్యాక్స్ మీద నా రివ్యూ

రినైసాన్స్ వ్యాక్స్ అంటే పాత వస్తువులని కాపాడటానికి పైన పూసే మైనం. అది ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఒకటే. ఇది దేన్నీ శుభ్రం చేయదు. మెటల్ డిటెక్టింగ్, అంటే మెషీన్‌తో నేలలో పాత లోహపు వస్తువులు వెతకడం, కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు చాలామంది దీన్ని నాణేలు కడిగే మందనుకుని కొంటారు. మట్టి అంటుకున్న పెన్నీ మీద నేరుగా రుద్దుతారు. మట్టి మట్టిగానే ఉండి దాని మీద మెరుపు వస్తుంది. ఇంత డబ్బు పోసి కొంటే ఇదా అని తిట్టుకుంటారు. ఆ తిట్లు విని కొనడం మానేసిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కడగడం అయిపోయి, ఇక చాలు అనుకున్నాక తెరవాల్సిన డబ్బా ఇది. ఆ చాలు అనే చోటు ఎక్కడుందో కనిపెట్టగలిగితే దీని అంత పనికొచ్చేది నాకు తెలిసి ఇంకోటి లేదు. కనిపెట్టలేకపోతే దండగ.

నా సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఈవిడకేం తెలుసులే అనుకుంటారు. పుట్టింది తెనాలి పక్కన. ఉండేది ఇంగ్లాండ్‌లో, లింకన్ దగ్గర. పని ఫార్మసీలో. ఆదివారం వచ్చిందంటే బూట్లేసుకుని, రైతు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చిన అనుమతి ఉన్న పొలాల్లోకి పోతాను. లింకన్ రోమన్ల కాలంలో లిండమ్ కొలోనియా అనే పట్టణం. ఎర్మిన్ స్ట్రీట్, ఫాస్ వే అనే రెండు పెద్ద రోమన్ రోడ్లు ఇక్కడే కలుస్తాయి. అందుకే ఈ చుట్టుపక్కల దున్నిన నేలలో విక్టోరియా రాణి పెన్నీలతో పాటు గోరంత రోమన్ కంచు నాణేలు కూడా తేలుతుంటాయి. బంగారం దొరుకుతుందా అని ఇండియా నుంచి ఫోన్ చేసి అడిగే బంధువులకి నా జవాబు: ఎక్కువగా దొరికేది గుండీలు, తుపాకీ గుళ్ల సీసం, ట్రాక్టర్ ముక్కలు. ఆ తర్వాతే నాణేలు. అవి కూడా ఎరువుల వల్ల, నాగళ్ల వల్ల సగం తినేసినట్టు ఉంటాయి.

ఇప్పుడు డబ్బా సంగతి. దీన్ని 1950ల చివర్లో బ్రిటిష్ మ్యూజియం పరిశోధనశాలలో డాక్టర్ వెర్నర్ తయారు చేశారు. అంతకుముందు మ్యూజియం వాళ్లు వాడిన తేనెమైనం, ఇంకో రకం చెట్టు మైనం కాలం గడిచే కొద్దీ కొంచెం ఆమ్లగుణం చూపించేవి. కాపాడాల్సిన వస్తువుకే నెమ్మదిగా హాని. దానికి బదులుగా పెట్రోలియం నుంచి తీసిన సన్నటి స్ఫటికాల మైనం, దాంతో పాటు పాలిథిలీన్ మైనం, వాటిని కరిగించి ఉంచడానికి వైట్ స్పిరిట్ (పెయింట్ పలచన చేసే ద్రావకం). అంతే ఫార్ములా. ఫార్మసీలో పనిచేసే దాన్ని కాబట్టి నాకు నచ్చింది ఈ సింపుల్ తనమే. వెండి మెరిపించే క్రీముల్లో ఉండే గీకే పొడి ఇందులో లేదు, ఆమ్లం లేదు, అమోనియా లేదు. మూత తీస్తే తెల్లగా, గట్టిపడిన వెన్నలాంటి ముద్ద, పెయింట్ షాపు వాసన. మామూలుగా 65 మిల్లీలీటర్లు, 200 మిల్లీలీటర్ల డబ్బాల్లో దొరుకుతుంది.

ఇంత మంచి మైనం పెట్టే ముందు నాణెం ఏ స్థితిలో ఉండాలి అనేదే అసలు విషయం. రివ్యూలో దీని గురించి ఎక్కువ రాస్తున్నానని అనుకోవద్దు. ఈ డబ్బా విలువంతా దాని ముందు చేసే పని మీదే ఆధారపడి ఉంది.

పొలంలో నాణెం చేతికి రాగానే బొటనవేలితో రుద్ది, ఎవరి బొమ్మో చూడాలని చేయి లాగుతుంది. చాలా నాణేలు పాడయ్యేది అక్కడే. మట్టిలో ఇసుక రేణువులుంటాయి. కంచు కంటే అవి గట్టివి. ఒక్కసారి రుద్దితే చాలు, పదిహేడు వందల ఏళ్లు మట్టిలో భద్రంగా ఉన్న ముక్కు మీద గీత పడుతుంది. నేను ఉన్నది ఉన్నట్టు చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసుకుని వచ్చేస్తాను. ఏం దొరికిందని క్లబ్బులో అడిగితే మట్టి అని చెబుతాను.

ఇంటికొచ్చాక నీళ్లు. కుళాయి నీళ్లు కాదు. లింకన్‌షైర్ నేల కింద సున్నపురాయి, సుద్ద. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునే నీళ్లు మావి. ఇస్త్రీపెట్టెలో పోసే డీఅయొనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లు సూపర్ మార్కెట్లో చవగ్గా దొరుకుతాయి, అవి వాడతాను. ఖాళీ మాత్రల సీసాలో ఒక్కో నాణెం వేసి, ఏ పొలంలో దొరికిందో చీటీ అంటించి, వంటింటి కిటికీ గట్టు మీద వరసగా పెడతాను. నీళ్లు గోధుమరంగుకి తిరిగితే పారబోసి కొత్తవి పోస్తాను. ఇందులో నైపుణ్యం ఏమీ లేదు, ఓపిక మాత్రమే. మా ఆయనకి మాత్రం ఆ గట్టు చూస్తే చిరాకు. ఒకసారి అర్ధరాత్రి మంచినీళ్లనుకుని వాటిలో ఒకటి తీయబోయాడు, అప్పట్నుంచి సీసాల మీద పుర్రె బొమ్మ కూడా గీస్తున్నాను.

నానిన మట్టి మెత్తబడ్డాక తీయడానికి మన చేతిలో ఉండాల్సిన పనిముట్టు ఇనుముది కాకూడదు. మార్కెట్లో నాణేలు శుభ్రం చేసే పెన్సిళ్లని అమ్ముతారు, ఉక్కు బ్రష్షు, ఇత్తడి బ్రష్షు, వజ్రపు పొడి మొన, గ్లాస్ ఫైబర్ మొన. సెట్టు కొన్నాను. ఇత్తడి బ్రష్షు పాడైన నాణేల మీద పర్వాలేదు, గ్లాస్ ఫైబర్ వాడితే కంటికి కనపడని గాజు పోగులు వేళ్లలో దిగి రెండ్రోజులు సలుపుతాయి, గ్లవ్స్ వేసుకోవాల్సిందే. మిగతావి డ్రాయరులో పడున్నాయి. నాకు బాగా పనిచేసింది పొలం గట్టు కంచెలో పెరిగే బ్లాక్‌థార్న్ ముల్లు. మ్యూజియంలలో పనిచేసే కన్జర్వేటర్లు కూడా ముళ్లు వాడతారు. మట్టి కంటే గట్టిగా, నాణెం పైపొర కంటే మెత్తగా ఉంటుంది, మొన అరిగితే ఇంకోటి కోసుకోవచ్చు, ఖర్చు సున్నా. దాంతోపాటు పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం. అది లేకుండా ముల్లు పట్టుకోవద్దు.

ఇక్కడ ఒక నాణెం గురించి చెబుతాను. గత శరత్కాలంలో దొరికింది, చిటికెన వేలి గోరు కంటే కొంచెం పెద్దది. నానబెట్టినప్పుడు మొదట కనిపించింది శిరస్త్రాణం పెట్టుకున్న స్త్రీ తల. రోమ్ నగర దేవత. అప్పుడే అర్థమైంది వెనక ఏముంటుందో. కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రీ.శ. 330 ప్రాంతంలో కొట్టించిన ఉర్బ్స్ రోమా నాణెం ఇది, వెనక వైపు ఇద్దరు మగశిశువులకి పాలిస్తున్న ఆడ తోడేలు ఉంటుంది. వెనక వైపంతా గట్టి గోధుమరంగు పెచ్చు. ముల్లుతో కొంచెం, నీళ్లలో కొంచెం. ముందు తోడేలు వీపు, తర్వాత వీపు పైన రెండు నక్షత్రాలు. పిల్లల తలలు కూడా తేలాయి. కింద గీత దిగువన ఏ టంకశాలలో కొట్టారో చెప్పే అక్షరాలుంటాయి. అవి మాత్రం పెచ్చు కిందే ఉన్నాయి. ముల్లు పెడితే పెచ్చుతో పాటు ఆకుపచ్చ పైపొర కూడా ఒక పలుకు లేచింది. వెంటనే ఆపేశాను. ఆ అక్షరాలు ఈ రోజుకీ కనపడవు. ట్రియర్‌లో కొట్టిందో, లియోన్‌లో కొట్టిందో నాకు తెలియకపోయినా పర్లేదు. అక్షరాలు అక్కడే భద్రంగా ఉన్నాయి. ఎప్పుడైనా మంచి మైక్రోస్కోపు ఉన్నవాళ్లు తీయగలిగితే తీస్తారు.

ఆ ఆకుపచ్చ పొర ఎందుకంత ముఖ్యమో మా అత్తయ్యకి చెప్పాల్సి వచ్చింది. ఆవిడ వేసవిలో గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లో కొన్నాళ్లున్నారు. కిటికీ గట్టు మీద సీసాలు చూసి, ఒక విక్టోరియా పెన్నీ బయటకి తీశారు.

"అమ్మాయ్, కాస్త చింతపండూ ఉప్పూ పెట్టి రుద్దితే ఐదు నిమిషాల్లో తళతళలాడుద్ది కదే. ఎందుకు నెలల తరబడి నానబెడతావు?"

"వద్దండీ అత్తయ్యా. మెరిస్తే దాని ముఖం పోద్ది."

"ముఖం ఎందుకు పోతుందే? మురికి పోద్ది."

వాదించి లాభం లేదు. ఎటూ అరిగిపోయి, తేదీ కూడా కనపడని పెన్నీ ఒకటి ఇచ్చి, మీరే చూడండి అన్నాను. నిజంగానే ఐదు నిమిషాలు పట్టలేదు. గులాబీ రంగు రాగి బయటపడింది. కానీ రాణీగారి చెంప మీద, జుట్టు మీద అంతా గుంటలు. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇదేంటే, అమ్మోరు పోసినట్టు ఉంది" అన్నారు.

సరిగ్గా అదే. పూజగదిలో రాగి చెంబుకి చింతపండు సరిపోతుంది, ఎందుకంటే చెంబు మీద ఉన్నది నిన్న మొన్నటి పలచని మురికి పొర, కింద లోహం నున్నగా ఉంది. నూరేళ్లు మట్టిలో ఉన్న నాణెం అలా కాదు. పైన ఉన్న లోహం మెల్లగా చిలుముగా, ఆక్సైడుగా మారిపోయి ఉంటుంది. బొమ్మ గీతలు, అక్షరాలు ఆ మారిన పొరలోనే నిలిచి ఉంటాయి. కింద మిగిలిన లోహం తొలిచేసినట్టు ఉంటుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఆ పొరని కరిగించేస్తుంది, కరిగిన దాంతో పాటే బొమ్మా పోతుంది. నిమ్మరసం, వెనిగర్, కోలా, టమోటా కెచప్, వీడియోల్లో చూపించే ఇలాంటివన్నీ ఇదే పని చేస్తాయి. మెరిసే నాణెం వీడియోలో బావుంటుంది, చేతిలోకి తీసుకుని దగ్గరగా చూస్తే ఏమీ ఉండదు.

ఆలివ్ నూనెలో నానబెట్టడం ఇక్కడి పాత డిటెక్టరిస్టులకి బాగా అలవాటు. అందులోనూ ఆమ్లం ఉంటుంది, కానీ చాలా బలహీనమైంది. నెలలు పడుతుంది, నాణెం నల్లబడుతుంది, తర్వాత నూనె పూర్తిగా తీయకపోతే మైనం పట్టదు. నేను వాడను. చిన్న అల్ట్రాసోనిక్ క్లీనర్ల గురించి కూడా అడుగుతుంటారు. 40 కిలోహెర్ట్జ్‌లో నీళ్లలో కోట్ల చిన్న బుడగలు పుట్టి పగులుతాయి, ఆ తాకిడికి మట్టి ఊడుతుంది. 1860 తర్వాతి మందపాటి పెన్నీలకి బాగానే ఉంటుంది. కానీ సుత్తితో కొట్టిన వెండి నాణేల జోలికి దాన్ని తీసుకుపోవద్దు. ఇంగ్లాండ్‌లో 1662 దాకా చేతితో సుత్తి దెబ్బ వేసి నాణేలు కొట్టేవారు. ఒకటవ ఎడ్వర్డ్ 1279లో తెచ్చిన వెండి పెన్నీ కాగితం కంటే కొంచెం మందం. దాంట్లో కంటికి కనపడని బీట ఉంటే చాలు. మా క్లబ్బులో ఒకాయన నాణెం తొట్టిలోంచి రెండు ముక్కలై బయటకొచ్చింది, ఆయన ఆ రోజు టీ కూడా తాగలేదు.

ఇప్పుడు మైనం పెట్టడం. నాణెం బయటికి ఎంత పొడిగా కనిపించినా లోపల నీరు దాక్కుని ఉంటుంది. నేను హెయిర్ డ్రయర్ తక్కువ వేడి మీద పెట్టి కాస్త గోరువెచ్చగా చేస్తాను. వెచ్చగా ఉంటే మైనం అక్షరాల మధ్యకి పాకుతుంది. నూలు గుడ్డ చివర వేలికొనకి తగిలిందో లేదో తెలియనంత మైనం తీసుకుని, నాణెం మీద చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు పూస్తాను. ఎక్కువ పెడితే అక్షరాల మూలల్లో తెల్లగా ఎండిపోయి ఉండిపోతుంది. దాన్ని తీయాలంటే మళ్లీ వైట్ స్పిరిట్. పూసిన కొద్దిసేపటికే స్పిరిట్ ఆవిరైపోతుంది, అప్పుడు మెత్తని గుడ్డతో, లోపలి మూలలకి మెత్తటి బ్రష్షుతో తేలిగ్గా తుడవాలి. మెరుపు అతిగా రాదు, ఆకుపచ్చ కొంచెం చిక్కబడుతుంది, అంతవరకూ పాలిపోయి కనిపించిన ముఖం ముందుకొస్తుంది.

విక్టోరియా బన్ హెడ్ పెన్నీ మీద ఈ తేడా బాగా కనిపిస్తుంది. జుట్టు ముడి వేసుకున్న పడుచు రాణి బొమ్మ ఉన్నవి, 1860 నుంచి 1894 దాకా కొట్టినవి. అందులో 95 శాతం రాగి, 4 శాతం తగరం, 1 శాతం జింక్. మట్టి తీసి ఆరబెట్టాక అవి బూడిద పట్టినట్టు ఉంటాయి, రెండో వైపు కూర్చున్న బ్రిటానియా అనే స్త్రీమూర్తి కాళ్ల దగ్గర తేదీ సగం సగం కనిపిస్తుంది. మైనం పట్టాక అదే తేదీని కళ్లజోడు లేకుండా చదవచ్చు. నాణేనికి కొత్తగా ఏమీ చేయలేదు, ఉన్నదాన్నే చూడ్డం తేలికైంది. వేళ్ల చెమటా, గాల్లో తేమా దాని మీద నేరుగా పడకుండా ఒక పొర అడ్డం ఉంటుంది. నచ్చకపోతే వైట్ స్పిరిట్‌తో తీసేయొచ్చు. ఈ ఒక్క గుణం కోసమే నేను దీన్ని క్లియర్ వార్నిష్ కంటే ఎక్కువ ఇష్టపడతాను.

వెండికి మాత్రం నేను పెట్టను. 1920కి ముందు బ్రిటిష్ వెండి నాణేల్లో 92.5 శాతం వెండి, 1920 నుంచి 50 శాతం, 1947 నుంచి అసలు లేదు. పాత వెండి సిక్స్‌పెన్స్ (ఆరు పెన్నీల) నాణేలు నేలలోంచి దాదాపు శుభ్రంగానే వస్తాయి, గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక చుక్క, గోరువెచ్చని నీళ్లు చాలు. నల్లబడ్డ చోట అల్యూమినియం రేకు, బేకింగ్ సోడా పద్ధతి పనిచేస్తుంది, కానీ ఆ నలుపే అక్షరాలని ఎత్తి చూపుతుంది కదా, దాన్ని పోగొట్టడం నాకు నచ్చదు. అమ్మాలనుకునే నాణేలైతే ఇంకా జాగ్రత్త. కలెక్టర్లు, గ్రేడింగ్ చేసేవాళ్లు తోమిన నాణేలని వేరేగా లెక్కగడతారు.

మైనం వల్ల నిజంగా నష్టం జరిగేది ఒక చోట ఉంది. కంచు జబ్బు. నాణెం లోపల క్లోరైడు ఉప్పులు మిగిలిపోతే, తేమ, గాలి తగలగానే అవి కదులుతాయి. ఆమ్లం పుడుతుంది, ఆమ్లం ఇంకొంచెం రాగిని తింటుంది, అందులోంచి మళ్లీ క్లోరైడు. ఆగే చక్రం కాదు. బయటికి లేత ఆకుపచ్చ పొడిలా కనిపిస్తుంది, మామూలు గట్టి చిలుములా ఉండదు, సూది పెడితే పిండిలా రాలుతుంది. దీని మీద మైనం పూస్తే జబ్బు ఆగదు, కనపడకుండా పోతుంది. కొన్నాళ్లకి మైనం పొర కింద నుంచి పొక్కులు వస్తాయి. అందుకే అనుమానం ఉన్న నాణేన్ని మైనం జోలికి పోనివ్వకుండా తడి దూదితో పాటు మూతపెట్టిన డబ్బాలో ఒక రోజు ఉంచి చూస్తాను. కొత్త పొడి చుక్కలు కనిపిస్తే దానికి వేరే వైద్యం. వాషింగ్ సోడా, బేకింగ్ సోడా కలిసిన సెస్క్వికార్బొనేట్ ద్రావణంలో వారాల తరబడి, మార్చి మార్చి నానబెట్టాలి. తర్వాత బాగా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, సిలికా జెల్ సంచీతో పాటు దాచాలి. మందుల సీసాల్లో వచ్చే ఆ చిన్న సంచీలు పారేయకుండా ఎందుకు పోగేస్తున్నానో మా పిల్లలకి ఇప్పుడు తెలుసు.

కొత్తగా నేర్చుకునే వాళ్లకి నేను ఇచ్చే సలహా, మొదటి మైనం పూత పొలంలో దొరికిన మంచి నాణెం మీద వేయొద్దు. కాయిన్ ఫెయిర్లలో 1808 నాటి ఈస్టిండియా కంపెనీ పది క్యాష్ (క్యాష్ అంటే అప్పటి మద్రాసు చిల్లర) రాగి నాణేలు చవగ్గా దొరుకుతాయి. బర్మింగ్‌హామ్ సోహో టంకశాలలో కొట్టి, మద్రాసు ప్రెసిడెన్సీకి పంపినవి. అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ వాటిని పీపాల కొద్దీ ఎక్కించుకుని బయల్దేరి, 1809 జనవరిలో కెంట్ తీరం పక్కన గుడ్విన్ శాండ్స్ ఇసుక దిబ్బల మీద మునిగింది. 1980లలో పదిలక్షలకి పైగా నాణేలు పైకి తీశారు. మా గుంటూరు సీమ అప్పటికి ఆ ప్రెసిడెన్సీలోదే. మా ముత్తాతల సంతలో చెలామణి కావాల్సిన చిల్లర ఇలా లింకన్‌లో నా టేబుల్ మీదకి రావడం నాకు భలే సరదా. సాధనకి ఇవి మంచివి ఎందుకంటే సముద్రపు ఉప్పు పట్టినవి వీటిలో ఉంటాయి. ఉప్పు పోయేదాకా నీళ్లు మార్చడం, ఆరబెట్టడం, జబ్బు ఉందేమో చూడటం, అప్పుడు మైనం. అన్ని దశలూ ఒక చిన్న నాణెం మీదే నేర్చుకోవచ్చు, పోతే పెద్ద నష్టం లేదు.

చట్టం సంగతి కూడా చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు, ఎందుకంటే కొన్ని నాణేలకి డబ్బా తెరవడమే తప్పు. ఇంగ్లాండ్, వేల్స్‌లలో 1996 ట్రెజర్ యాక్ట్ ప్రకారం 300 ఏళ్లు దాటిన బంగారు, వెండి నాణేలు ఒకే చోట రెండు దొరికినా, రాగి, కంచువి పది దొరికినా అది నిధి కిందకి వస్తుంది. తెలిసిన 14 రోజుల్లో కరోనర్ అనే అధికారికి తెలపాలి. అలాంటివాటిని కడగకూడదు, మైనం పూయకూడదు. మట్టితోనే ఇవ్వాలి, ఆ మట్టిలో కూడా సమాచారం ఉంటుంది, సంచీ గుడ్డ పోగులు అంటుకుని ఉండొచ్చు. నిధి కానివి కూడా నేను ముందు మా జిల్లా ఫైండ్స్ లయజన్ ఆఫీసర్‌కి, అంటే ఇలా దొరికిన పాత వస్తువులని నమోదు చేసే అధికారికి, చూపిస్తాను. 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌లో ఇలా నమోదైన వస్తువులు 15 లక్షలు దాటాయి. నా తోడేలు నాణెం కూడా అందులో ఉంది. నమోదు అయ్యాకే దానికి మైనం.

ఇది చదివి తెనాలిలోనో, కరీంనగర్‌లోనో డిటెక్టర్ కొందామనుకునే తమ్ముళ్లకి ఒక మాట. మన దేశంలో 1878 ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది. నేలలో దొరికిన విలువైనది ఏదైనా పది రూపాయలకి మించితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి. ఇంటి పునాది తవ్వుతుంటే అనుకోకుండా దొరికినా అంతే. కోటిలింగాల లాంటి చోట శాతవాహనుల సీసపు నాణేలు కూడా దొరికాయి. సీసానికి వెనిగర్ ఆవిరి తగిలినా చాలు, తెల్ల పొడిగా మారిపోతుంది. చెక్క బీరువాల్లోంచి వచ్చే ఆమ్ల ఆవిరి కూడా దానికి పడదు. ఇంట్లో తోమకుండా అప్పగించడమే దానికి చేసే మంచి. శాతవాహన నాణేలు చూడాలనుంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం ఉంది. డిటెక్టర్ ధరలో వందోవంతు కూడా కాదు టికెట్టు.

మళ్లీ డబ్బా దగ్గరికి. ఇబ్బందులు లేవని కాదు. వాసన ఘాటు, మా ఆయన గరాజులోకి తరిమేశాడు. కిటికీ తీసే పెట్టాలి, స్టవ్వు దగ్గర అస్సలు వద్దు, వైట్ స్పిరిట్‌కి మంట అంటుకుంటుంది. చేతులకి ఎండిపోయినట్టు అవుతుంది కాబట్టి పలచటి గ్లవ్స్ మంచివి. గ్లవ్స్ లేకుండా పూస్తే మైనం కింద మన వేలిముద్రే భద్రంగా ఉండిపోతుంది. ధర చూస్తే ఇంత చిన్న డబ్బాకా అనిపిస్తుంది. అయితే ఒక నాణేనికి పట్టేది చాలా తక్కువ, నేను కొన్న 65 మిల్లీలీటర్ల డబ్బా ఇంకా సగం పైనే ఉంది, మధ్యలో కత్తుల పిడికీ, అత్తయ్య తెచ్చిన ఇత్తడి కుందికీ కూడా పూశాను. కుందికి పూసినదాన్ని దీపం పెట్టే ముందు తుడిచేయాలని ఆవిడకి మరీ మరీ చెప్పాను.

200 మిల్లీలీటర్లది నాణేల కోసమైతే అక్కర్లేదు. పాత ఫర్నిచర్ కూడా ఉంటే అప్పుడు ఆలోచించండి. పూసేందుకు డబ్బాతో గుడ్డ ఏమీ రాదు, పాత నూలు బనియను ముక్కలు చాలు. మూత ప్రతిసారీ చుట్టూ గట్టిగా నొక్కాలి. లేకపోతే స్పిరిట్ ఆవిరైపోయి మైనం రాయిలా తయారవుతుంది. అలా అయినా పారేయకండి, నాలుగైదు చుక్కల వైట్ స్పిరిట్ వేసి, మూతపెట్టి రాత్రంతా వదిలేస్తే మళ్లీ మెత్తబడుతుంది.